స్కాన్ చెప్పేదాకా నమ్మరా?

లివర్ జబ్బు అనగానే మనకి గుర్తొచ్చేవి పచ్చబడ్డ కళ్ళు, ఉబ్బిన పొట్ట, వాచిన కాళ్ళు. అవి పైకి కనబడతాయి కాబట్టి పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ అయ్యో పాపం అంటారు. కానీ ఏళ్ళ తరబడి లివర్ చెడిపోయినవాళ్ళలో ఇంకొన్ని కూడా మారతాయి. నిద్ర మారుతుంది. కోపం మారుతుంది. నిన్నటిదాకా నోటిమీద ఉన్న లెక్క ఇవాళ తప్పుతుంది. వీటికి మాత్రం ఎవరూ అయ్యో అనరు. "వయసు మీదపడితే చాదస్తం మామూలే" అంటారు. "కావాలనే చేస్తున్నాడు" అంటారు. అటు తిరిగి ఇటు తిరిగి చివరికి "ఆవిడ సరిగ్గా చూసుకోవట్లేదు" అన్నచోటికి వచ్చి ఆగుతారు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. చాలాకాలంగా లివర్ జబ్బుతో ఉన్న మనిషి తీరు మారిందని ఇంట్లో ఆయన్ని చూసుకునే మనిషి చెబితే, దాన్ని జబ్బు గురించిన కబురుగా వినాలి, కాపురం గురించిన ఫిర్యాదుగా కాదు. మెదడు స్కాన్‌లో మార్పు కనబడ్డాక అందరూ నమ్ముతారు. ఆ స్కాన్‌కి నెలల ముందే ఆవిడ ఆ సంగతి చెప్పి ఉంటుంది.

నేను డాక్టర్ని కాను. బీఏ తెలుగు చదివి ఇల్లు చూసుకుంటున్నదాన్ని. మా కుటుంబంలో అవసరం పడి, అడిగీ చదివీ తెలుసుకున్నది నా మాటల్లో చెబుతున్నాను. మందుల విషయంలో మాత్రం మీ డాక్టరుగారి మాటే మాట.

మా పెద్దక్క భర్త, మా బావగారు, హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. ఇరవై ఏళ్ళ షుగరు, దాని వెంట ఫ్యాటీ లివర్, అది ముదిరి సిర్రోసిస్. అయినా లివర్ అన్న మాట వినగానే ఎదుటివాళ్ళు అక్క వంక అదోలా చూసేవాళ్ళు. అంత తాగేవారా అని నోటితో అడక్కుండా అడిగే చూపు అది. హెపటైటిస్ బి, సి, షుగరు, లావు, ఇవన్నీ లివర్‌ని పాడుచేస్తాయని మనలో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

జబ్బు బయటపడిన మూడేళ్ళకి బావగారిలో మార్పు మొదలైంది. రాత్రంతా హాల్లో తిరగడం, మధ్యాహ్నం కంచం ముందే కునుకు తీయడం. మనవడికి ఎక్కాలు చెబుతూ చెబుతూ పన్నెండో ఎక్కం మధ్యలో ఆగిపోయారు. పెన్షన్ కాగితం మీద సంతకం కలవలేదని బ్యాంకువాళ్ళు వెనక్కి పంపారు. ముప్పై అయిదేళ్ళలో గట్టిగా ఒక మాట అనని మనిషి, కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసేశారు. లివర్ జబ్బుకి ఉప్పు తగ్గించమన్నది డాక్టరే.

అక్క ఈ సంగతి ముగ్గురికి చెప్పింది. ఆడపడుచుకి చెబితే, "మా అన్నయ్య అలాంటివాడు కాదు వదినా, నువ్వే ఏదో విసిగించి ఉంటావు" అంది. బెంగుళూరులో ఉన్న కొడుక్కి చెబితే, "నాన్నకి వయసొస్తోందమ్మా, నువ్వే సర్దుకోవాలి" అన్నాడు. పరీక్షకి తీసుకెళ్ళిన చోట డాక్టరు బావగారినే అడిగాడు, "ఎలా ఉన్నారు మాస్టారూ?" అని. "బ్రహ్మాండంగా ఉన్నాను" అన్నారాయన. ఆ అయిదు నిమిషాలూ నిటారుగా కూర్చుని చక్కగా మాట్లాడారు. అక్క నోరు తెరవబోతే, "రిపోర్టులు బాగానే ఉన్నాయి కదమ్మా" అని తర్వాతి టోకెన్ పిలిచారు. నిద్ర పట్టట్లేదని వీధి చివర క్లినిక్‌లో అడిగితే నిద్రమాత్రలు రాశారు. అవి వేసుకున్న మూడో రోజుకి ఆయనకి పొద్దో సాయంత్రమో తెలియలేదు. లేపితే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటున్నారు. ఆసుపత్రిలో చేర్చారు. తలలో రక్తస్రావం ఏమైనా ఉందేమోనని స్కాన్ తీశారు. రక్తస్రావం లేదు. ఎమ్మారైలో మాత్రం మెదడు మధ్యలో అటూ ఇటూ రెండు తెల్లటి మచ్చలు జంటగా మెరుస్తున్నాయి. అక్కడి చిన్న డాక్టరమ్మ కొడుకుని కూర్చోబెట్టి ఫిల్ము చూపించి చెప్పింది. అప్పుడు కొడుకూ, మేనత్తా ఒకేసారి అన్నారు, "అయ్యో, ఇదంతా జబ్బేనా!" అని.

అక్క అప్పటికి ఎనిమిది నెలల నుంచీ చెబుతున్నది అదే.

ఆ మచ్చలేమిటో చెబుతాను. ఇది తెలిస్తే మనుషుల మీద కోపం సగం తగ్గుతుంది.

మనం తిన్నది అరిగేటప్పుడు పేగుల్లో అమ్మోనియా తయారవుతుంది. పశువుల కొట్టంలో ముక్కుకి ఘాటుగా తగిలేది అదే. జుట్టు రంగు డబ్బా మీద "అమ్మోనియా లేనిది" అని రాసి ఉంటుందే, అదే. పేగుల నుంచి వచ్చే రక్తమంతా ముందు లివర్‌లోకి వెళ్తుంది. లివర్ ఆ అమ్మోనియాని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. సిర్రోసిస్‌లో లివర్ గట్టిపడి గంట్లు గంట్లుగా అవుతుంది. రక్తానికి దారి మూసుకుపోయేసరికి అది పక్కదారులు వెతుక్కుంటుంది. శుభ్రం కాని రక్తం తిన్నగా పైకి, మెదడుకి చేరుతుంది.

మెదడులో ఆస్ట్రోసైట్లని నక్షత్రాల ఆకారంలో ఉండే కణాలుంటాయి. అసలు నాడీకణాలకి తిండి అందించడం, చెత్త ఎత్తడం వీటి పని. మెదడుకి గృహిణులు అనుకోండి. వచ్చిన అమ్మోనియాని ఇవి తమలోకి తీసుకుని గ్లుటమైన్‌గా మారుస్తాయి. గ్లుటమైన్ పేరుకున్న కొద్దీ నీటిని లాక్కుని, నీళ్ళలో వేసిన ఎండుద్రాక్షలా ఆ కణం ఉబ్బుతుంది. ఉబ్బు తగ్గించుకోవడానికి తనలో ఉన్న మయోఇనాసిటాల్ అనే పదార్థాన్ని బయటికి పంపేస్తుంది. కొత్త బీరువా పట్టడానికి పాత బల్లని వసారాలో పెట్టినట్టు. ఎమ్మారై యంత్రంతోనే స్పెక్ట్రోస్కోపీ అని ఒక పరీక్ష చేస్తారు. బొమ్మకి బదులు రసాయనాల కొలత చూపిస్తుంది. అందులో సిర్రోసిస్ ఉన్నవాళ్ళకి గ్లుటమైన్ గీత పైకి లేచి, మయోఇనాసిటాల్ గీత కిందికి దిగి కనబడుతుంది.

మరి ఆ తెల్లటి మచ్చలు? అవి మాంగనీసువల్ల. విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి వైపు గనుల్లో తవ్వేది ఆ మాంగనీసే. టీలో, ధాన్యాల్లో, ఆకుకూరల్లో కొంచెం ఉంటుంది. ఒంటికి అది కాస్త కావాలి కూడా. మిగిలినదాన్ని లివర్ పైత్యరసంతో పాటు బయటికి పంపేస్తుంది. ఆ దారి చెడితే మాంగనీసు రక్తంలో నిలిచి, మెదడు లోపల గ్లోబస్ పాలిడస్ అనే చిన్న భాగంలో చేరుతుంది. అది అయస్కాంతానికి స్పందించే లోహం కాబట్టి, ఎమ్మారైలో టీ1 అనే రకం బొమ్మల్లో తెల్లగా మెరుస్తుంది. మాంగనీసు ఖనిజాన్ని పొడికొట్టే పనివాళ్ళకి కాళ్ళ పట్టు తప్పి నడక చెడటాన్ని స్కాట్లండ్‌లో కూపర్ అనే డాక్టరు 1837లోనే రాశాడు. లివర్ జబ్బు ముదిరినవాళ్ళలో కొందరికి కదలికలు నెమ్మదించడానికీ, వణుక్కీ ఈ లోహం కొంత కారణమని డాక్టర్లు అనుకుంటారు. అలాగని ఇంట్లో టీ, తోటకూర మాన్పించెయ్యకండి. లోపం తోటకూరలో లేదు.

మనం ధైర్యాన్ని "ఖలేజా" అంటాం. ఉత్తరాది భాషల నుంచి వచ్చిన ఆ మాటకి అసలు అర్థం లివరే. మనిషి నిబ్బరం లివర్‌లో ఉంటుందని ఆ మాట పుట్టించినవాళ్ళు ఏ లెక్కన అనుకున్నారో గానీ, లివర్ చెడితే నిబ్బరం చెడటం నేను దగ్గరుండి చూశాను.

స్కాన్ వల్ల మా ఇంట్లో జరిగిన మేలుని తక్కువ చెయ్యను. నింద పోయింది. ఇద్దరి మీదా పోయింది, బావగారి మీద పొగరన్న నిందా, అక్క మీద నిర్లక్ష్యమన్న నిందా. కానీ నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. ఒకవేళ ఆ ఫిల్ములో ఏమీ కనబడకపోతే? అప్పుడు అక్క చెప్పింది అబద్ధం అయిపోయేదా?

ఈ ప్రశ్న ఊరికే వేయట్లేదు. స్కాన్‌కి, మనిషి తీరుకి లెక్క సరిగ్గా కుదరదని డాక్టర్లే చెబుతారు. సిర్రోసిస్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ తెల్లమచ్చలు ఉంటాయి, వాళ్ళలో ఎందరో చక్కగా మాట్లాడుతూ పనులు చేసుకుంటూ ఉంటారు. మచ్చ ఎంత మెరిస్తే మతి అంత తప్పిందని కాదు. మచ్చ పెద్దగా లేనివాడు రాత్రికి రాత్రి అయోమయంలో పడొచ్చు. అందుకే ఈ స్థితిని, హెపాటిక్ ఎన్‌కెఫలోపతి అంటారు దీన్ని, డాక్టర్లు గుర్తుపట్టేది ముఖ్యంగా స్కాన్‌తో కాదు. మనిషితో మాట్లాడి, చేతులు ముందుకు చాపి మణికట్టు పైకి వంచమని చూసి. జబ్బు ఉంటే ఆ చేతులు కాకి రెక్కలు కొట్టుకున్నట్టు ఉండుండి కిందికి జారతాయి. స్కాన్ తీసేది ఎక్కువగా అయోమయానికి వేరే కారణం ఏదైనా, రక్తస్రావంలాంటిది, ఉందేమో చూడటానికే.

ఇంకా పైకి తెలియని తొలిదశ ఒకటుంది. పేరు, ఊరు, తేదీ అన్నీ సరిగ్గా చెబుతారు. కానీ చురుకు తగ్గుతుంది, చూపుకీ చేతికీ పొందిక తప్పుతుంది. అందుకే బండి నడపడం ప్రమాదం. దీన్ని పట్టుకోవడానికి డాక్టర్లు చేసే పరీక్షల్లో ఒకటి ఎంత తేలికంటే, ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పమంటారు, అంతే. అయిదు నిమిషాల పలకరింపులో ఈ దశ దొరకదు. రోజంతా పక్కన ఉండే మనిషికి దొరుకుతుంది. గుండీలు తప్పు పెట్టుకున్నారనీ, పాలలెక్క రెండుసార్లు తప్పారనీ ఆవిడకే తెలుస్తుంది. అలాంటి మనిషిని పరీక్షగదిలో పక్కన నిలబెట్టి, జబ్బుతో మసకబారిన మెదడుని "మీ మెదడెలా ఉంది" అని అడగడం ఏం పద్ధతి?

నమ్మకపోవడంవల్ల పోయేది మర్యాద ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ మనిషికే ముప్పు. ఈ అయోమయం ఊరికే రాదు, చాలాసార్లు దాన్ని రేపేది ఏదో ఉంటుంది. మలబద్ధకం, ఎక్కడో ఒక ఇన్‌ఫెక్షన్, పేగుల్లో రక్తస్రావం, నీరు తగ్గడానికి ఇచ్చే మాత్రలు ఎక్కువై ఒంట్లో నీరు, లవణాలు తగ్గడం, నిద్రమాత్రలు. వీటిలో చాలావాటిని తొందరగా కనిపెడితే సరిచెయ్యొచ్చు. కనిపెట్టకపోతే మత్తు కోమా దాకా వెళ్తుంది. బావగారి రాత్రి మెలకువ నిద్రలేమి జబ్బు కాదు, రాత్రీ పగలూ తారుమారు కావడం. ఆ గుర్తు తెలిసినవాళ్ళెవరూ ఆయనకి ఆ మాత్రలు రాసేవారు కాదు.

రెండోది తిండి. మన ఇళ్ళల్లో కామెర్లంటేనే పథ్యం. పప్పొద్దు, పెరుగొద్దు, గుడ్డొద్దు, మజ్జిగన్నమో బార్లీనో పట్టండి. దీనికి పైనుంచి పసరుమందు. పెద్దవాళ్ళే కాదు, ఒకప్పుడు డాక్టర్లు కూడా మాంసకృత్తులు తగ్గించమనేవారు. 1893లో రష్యాలో పావ్లోవ్ బృందం కుక్కల్లో పేగుల రక్తం లివర్‌లోకి వెళ్ళకుండా దారి మళ్ళించి, మాంసం పెడితే వాటికి మతి చలించడం చూసింది. ఆ భయం వందేళ్ళు నడిచింది. 2004లో స్పెయిన్‌లో రోగుల్ని రెండు జట్లుగా చేసి చూస్తే, మాంసకృత్తులు తగ్గించినందువల్ల అయోమయం తొందరగా తగ్గిందేమీ లేదు. ఇప్పుడు డాక్టర్లు చెప్పేది, రోజుకి ఒక్కో కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలని. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. కారణం వింటే మీకూ సబబనిపిస్తుంది. లివర్ చెయ్యలేని అమ్మోనియా పనిని కండలు కొంత చేస్తాయి. పథ్యం పేరుతో కండ కరిగిస్తే ఆ సాయమూ పోతుంది. పప్పు, పెరుగు, పాలు వీళ్ళకి బాగా పడతాయి. రోజుకి మూడుసార్లు కడుపునిండా కాకుండా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి, పడుకునేముందు ఏదైనా చిన్నది తినిపించాలి. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంచితే ఒళ్ళు తన కండనే తింటుంది.

మూడోది ఆ తియ్యటి సిరప్, లాక్టులోజ్. 1966 నుంచీ ఈ జబ్బుకి వాడుతున్న మందు. చాలా ఇళ్ళల్లో దాన్ని "విరోచనాల మందు" అనుకుని, పెళ్ళికి వెళ్ళాలన్నా బస్సెక్కాలన్నా మానేస్తారు. అది పొట్ట కోసం కాదు, మెదడు కోసం. పేగుల్లో అమ్మోనియాని పట్టి బయటికి పంపుతుంది. రోజుకి రెండు మూడుసార్లు మెత్తగా అయ్యేలా చూసుకోవాలి. తక్కువైతే అమ్మోనియా నిలుస్తుంది, మరీ ఎక్కువైతే ఒంట్లో నీరు పోయి మళ్ళీ అదే అయోమయం. అంటే ఈ మందు మోతాదు ప్రతిరోజూ ఇంట్లోనే సరిచూసుకోవాలి. ఆ లెక్క ఎవరు పెడతారు? భర్త ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కపెట్టేది భార్యే. చెప్పుకోడానికి సిగ్గుపడే ఆ లెక్క మీదే ఆయన మతి నిలబడి ఉంది. అక్కకి ఈ సంగతి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున, అదీ ఆ డాక్టరమ్మ పుణ్యాన తెలిసింది. అంతకుముందు సీసా మీద "రోజుకి మూడుసార్లు" అని రాసిచ్చారు తప్ప ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఒకటి మాత్రం తప్పుగా అర్థం చేసుకోకండి. జబ్బువల్ల కోపం వస్తుందంటే, ఆ కోపాన్నంతా భార్య నోరుమూసుకుని భరించాలని కాదు. ముప్పై ఏళ్ళు తాగి కొట్టినవాడికి చివర్లో స్కాన్‌లో మచ్చలు కనబడితే, ఆ ముప్పై ఏళ్ళూ ఆ మచ్చల ఖాతాలో రాయలేం. కారణం తెలియడం వేరు, దెబ్బలు సహించడం వేరు. మీదికి వస్తుంటే పక్కవాళ్ళని పిలవాలి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అది కూడా వైద్యంలో భాగమే.

"ప్రతి ఇల్లాలి మాటా నిజమే అవుతుందా, ముసలితనంలో మతిమరుపు ఎవరికి రాదు" అని మీలో కొందరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ముసలితనం నెలలో మూడు రోజులు వచ్చి, విరోచనం కాగానే తగ్గిపోదు. ఈ అయోమయం వచ్చి పోతూ ఉంటుంది, మందుకి లొంగుతుంది. లివర్ మార్పిడి జరిగినవాళ్ళలో ఆ తెల్లమచ్చలు కొన్ని నెలల్లో మెల్లగా మాసిపోతాయి కూడా. ముసలితనం అని వదిలేస్తే పోగొట్టుకునేది తిరిగి వచ్చే మనిషిని. బావగారు ఇప్పుడు ఎక్కాలు చెబుతున్నారు. మునుపటంత వేగం లేదు, బండి తాళాలు అక్క బీరువాలో ఉన్నాయి. సంతకం మాత్రం బ్యాంకులో కలిసింది.

ఇంట్లో లివర్ రోగి ఉన్నవాళ్ళు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. రోజుకి ఒక వరుస చాలు. రాత్రి నిద్ర పట్టిందా, విరోచనం ఎన్నిసార్లు, ఏం తిన్నారు, మాట ఎలా ఉంది. వరుస చివర ఆయన చేతే సంతకం పెట్టించండి. చేతిరాత మారితే అందరికీ కనబడుతుంది, ఎవరూ కాదనలేరు. డాక్టరు "ఎలా ఉన్నారు" అని ఆయన్ని అడిగినప్పుడు ఆ పుస్తకం బల్ల మీద పెట్టండి.

డాక్టరుగార్లకి నా మనవి. రోగిని అడిగాక, పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషిని కూడా ఒక్క మాట అడగండి, "ఇంట్లో ఎలా ఉంటున్నారమ్మా?" అని. దానికి యంత్రం అక్కర్లేదు, బిల్లు అవదు.

ఇక చుట్టాలకి. పలకరించడానికి వెళ్ళినప్పుడు పళ్ళు తీసుకెళ్తారు, మంచిదే. ఆవిడ ఏదైనా చెప్పబోతే సర్దుకోమని మాత్రం అనకండి. కూర్చుని పూర్తిగా వినండి. వీలైతే ఆ రాత్రికి మీరు మేలుకుని ఉండి, ఆవిణ్ణి పడుకోమనండి.